మీకు తెలుసా? కుంచెకూ చెవులుంటాయి!

బొమ్మలు వేసేవాళ్ల గదిలో రంగుల వాసన ఎంత మామూలో, పాట మోగడం కూడా అంతే మామూలు. ఇదివరకు మూల బల్ల మీద రేడియో ఉండేది, తర్వాత టేప్‌రికార్డరు వచ్చింది, ఇప్పుడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు. పాట వల్ల బొమ్మ నిజంగా మారుతుందా, లేక పొద్దు గడవడానికి తోడు మాత్రమేనా? చిత్రకళ చరిత్ర తిరగేస్తే దీనికి దొరికే జవాబులు ఒకదానితో ఒకటి పొసగవు. ఒకాయన ఒక్క రాత్రి విన్న పాటతో ఉద్యోగం వదిలేశాడు. ఇంకొకాయన పాట ప్రాణమంటూనే పని చేసే చోటికి దాన్ని రానివ్వలేదు. మరొకాయన సంగీతం దగ్గర పేరు ఒక్కటే అరువు తెచ్చుకుని కోర్టు మెట్లెక్కాడు. ఆ ముచ్చట్లే ఇవి.

పాట వింటూ పని చేసుకోవడం చిత్రకారుడి దర్జా అని లియొనార్డో వాదించాడని మీకు తెలుసా?

శిల్పం గొప్పదా, చిత్రం గొప్పదా అన్న తగువు ఆ రోజుల్లో ఇటలీలో బాగా నడిచింది. లియొనార్డో డా విన్చీ చిత్రకారుడి తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు. శిల్పికి ఒళ్లంతా చెమట, ముఖం నిండా పాలరాతి పొడి, చెవులు చిల్లులు పడేట్టు సుత్తి మోత. చిత్రకారుడైతే శుభ్రమైన బట్టలు కట్టుకుని తీరిగ్గా కూర్చోవచ్చు, పక్కన ఎవరో వాద్యం వాయిస్తుంటేనో, మంచి పుస్తకం చదివి వినిపిస్తుంటేనో వింటూ కుంచె ఆడించుకోవచ్చు. ఇదీ ఆయన వాదం.

ఆయన స్వయంగా మంచి వాద్యకారుడు. గుర్రపు పుర్రె ఆకారంలో వెండితో చేసిన వాద్యం ఒకటి పట్టుకుని మిలాన్ ప్రభువు కొలువుకు వెళ్లాడని, ఇటలీ చిత్రకారుల జీవితకథలు రాసిన వసారి రాశాడు. మోనాలీసా బొమ్మ వేస్తున్నంతసేపూ ఆమె ముఖం వాడిపోకుండా గాయకుల్నీ, వాద్యకారుల్నీ, హాస్యగాళ్లనూ పిలిపించి కూర్చోబెట్టాడని కూడా వసారి రాతే. వసారి పుస్తకం 1550లో వచ్చింది. అప్పటికే ఆ బొమ్మ ఫ్రాన్స్‌లో ఉంది. ఆయన దాన్ని కళ్లారా చూసిన దాఖలా లేదు. కాబట్టి ఆ చిరునవ్వు వెనక పాట ఉందన్న కథను నమ్మీ నమ్మకుండా వినాలి.

షోపాన్ బొమ్మ వేయడం కోసం స్టూడియోకు పియానో తెప్పించారని?

1838లో ఫ్రెంచి చిత్రకారుడు డెలక్రా తన మిత్రుడు, పియానో స్వరకర్త షోపాన్ బొమ్మ మొదలుపెట్టాడు. షోపాన్ వాయిస్తూ ఉండాలి, పక్కన రచయిత్రి జార్జ్ సాండ్ వింటూ ఉండాలి. అందుకని పియానో స్టూడియోకే వచ్చింది. బొమ్మ మాత్రం పూర్తి కాలేదు. డెలక్రా పోయాక ఎవరో ఆ కేన్వాసును రెండు ముక్కలు చేశారు. విడివిడిగా అమ్మితే ఎక్కువ గిడుతుందని కావచ్చు. ఇప్పుడు షోపాన్ పారిస్‌లోని లూవ్ర్‌లో ఉన్నాడు, సాండ్ కోపెన్‌హాగెన్ దగ్గరి ఓర్డ్రుప్‌గార్ మ్యూజియంలో ఉంది. అంత శ్రమపడి తెప్పించిన పియానో రెండింట్లోనూ కనబడదు.

డెలక్రా డైరీలో 1849 ఏప్రిల్ నాటి రాత ఇంకా బాగుంటుంది. జబ్బుతో ఉన్న షోపాన్‌ను బండిలో షికారు తీసుకెళ్తూ, సంగీతంలో తర్కం అనేది దేనివల్ల వస్తుందని అడిగాడు. షోపాన్ ఓపిగ్గా కౌంటర్‌పాయింటు, ఫ్యూగ్ అంటే ఏమిటో వివరించాడు. ఆవేశానికి మారుపేరని జనం చెప్పుకునే చిత్రకారుడు సంగీతం దగ్గర అడిగింది లెక్క గురించి! ఇది గుర్తుపెట్టుకోండి, మున్ముందు చాలామంది విషయంలో ఇదే కనబడుతుంది.

ఒక ఒపేరా, ఒక గడ్డివాము కలిసి ఒక లా లెక్చరర్‌ను చిత్రకారుణ్ణి చేశాయని?

మాస్కోలో న్యాయశాస్త్రం చదివి పాఠాలు చెబుతున్న వసీలీ కాండిన్‌స్కీకి 1896లో ముప్పై ఏళ్లు. డోర్పట్ విశ్వవిద్యాలయం నుంచి మంచి పదవికి పిలుపు వచ్చింది. (ఆ ఊరే ఇప్పటి ఎస్టోనియాలోని టార్టు.) సరిగ్గా అప్పుడే మాస్కోలో ఫ్రెంచి చిత్రాల ప్రదర్శన జరిగింది. మోనే వేసిన గడ్డివాము బొమ్మ ముందు నిలబడితే అదేమిటో అంతుబట్టలేదు. కేటలాగు చూశాక గాని గడ్డివామని తెలియలేదు. అయినా ఆ బొమ్మ వదిలిపెట్టలేదు. ఇంకోవైపు బొల్షాయ్ థియేటర్‌లో వాగ్నర్ ఒపేరా 'లోహెన్‌గ్రిన్' విన్నాడు. వయొలిన్లు, మంద్ర స్వరాల వాద్యాలు, ఊదుడు వాద్యాలు ఒక్కటై మోగుతుంటే తనకు తెలిసిన రంగులన్నీ కళ్లకు కట్టాయనీ, ఎదురుగా ఎవరో పిచ్చి గీతలు గీస్తున్నట్టు అనిపించిందనీ తర్వాత తనే రాసుకున్నాడు. పదవి వద్దని, మ్యూనిక్ వెళ్లి, తనకన్నా చిన్నవాళ్ల పక్కన బొమ్మలు నేర్చుకోవడానికి కూర్చున్నాడు.

ఈ రెండు అనుభవాలూ కలిస్తేనే కథ. కల్యాణి ఆలాపన వింటూ ‘ఇది దేని గురించండీ?’ అని ఎవరూ అడగరు. అదే బొమ్మ చూపిస్తే మొదట అడిగేది ఆ ప్రశ్నే. సంగీతానికి లేని ఈ బాధ్యత చిత్రానికి మాత్రం ఎందుకని కాండిన్‌స్కీకి పట్టుకుంది. ఆ ప్రశ్నకు జవాబు దొరకడానికి ఇంకో పదిహేనేళ్లు పట్టింది.

1911 జనవరి మొదట్లో మ్యూనిక్‌లో స్వరకర్త ఆర్నల్డ్ షోన్‌బర్గ్ కచేరీ జరిగింది. శ్రుతిని ఆధారంగా పట్టుకునే పాత పద్ధతిని వదిలేసిన సంగీతం అది. చాలామందికి రుచించలేదు. కాండిన్‌స్కీ తన మిత్రులు ఫ్రాన్స్ మార్క్, గాబ్రియేల్ మ్యూంటర్ వాళ్లతో కలిసి విన్నాడు. కొద్ది రోజుల్లోనే 'ఇంప్రెషన్ 3 (కచేరీ)' అనే బొమ్మ వేశాడు. అది ఇప్పటికీ మ్యూనిక్‌లోని లెన్‌బాఖ్‌హౌస్‌లో ఉంది. దానికి ముందు పెన్సిల్‌తో వేసుకున్న చిన్న స్కెచ్చులు కూడా మిగిలాయి. వాటిలో హాలు హాలులాగే ఉంటుంది: పియానో, స్తంభాలు, ముందుకు వంగి వింటున్న జనం. రంగులోకి వచ్చేసరికి పియానో మూత ఓ పెద్ద నల్లటి మచ్చ అయింది. స్తంభాలు తెల్లటి నిలువు చారలయ్యాయి. జనం వంపు తిరిగిన రంగు మరకలయ్యారు. వీటన్నిటి మీదా కుడివైపు నుంచి పసుపు రంగు వరదలా వచ్చి పడింది. ఆ పసుపు హాల్లో ఉన్న ఏ వస్తువుదీ కాదు. అదంతా ధ్వనే.

జనవరి 18న, అప్పటిదాకా ముఖపరిచయం లేని షోన్‌బర్గ్‌కు ఉత్తరం రాశాడు. మీరు స్వరాల్లో చేస్తున్నదే నేను రంగుల్లో వెతుకుతున్నాను అన్నది దాని సారాంశం. తమాషా ఏమిటంటే షోన్‌బర్గ్ కూడా బొమ్మలు వేసేవాడు. ఆ ఏడాది డిసెంబరులో కాండిన్‌స్కీ, మార్క్ కలిసి పెట్టిన 'నీలి రౌతు' మొదటి ప్రదర్శనలో ఆయన బొమ్మలూ వేలాడాయి. (ఈ స్నేహం 1923లో చేదుగా చెడింది. కాండిన్‌స్కీకి యూదులంటే చిన్నచూపన్న మాట చెవిన పడి, యూదుడైన షోన్‌బర్గ్ ఘాటుగా ఉత్తరం రాశాడు.)

ఆ కచేరీకి ముందు నుంచే కాండిన్‌స్కీ తన బొమ్మల పేర్లు కూడా సంగీతకారుడిలాగే పెడుతూ వచ్చాడు. బయట చూసిన దాని ముద్ర అయితే 'ఇంప్రెషన్', మనసులో అప్పటికప్పుడు పుట్టినదైతే 'ఇంప్రొవైజేషన్', ఏళ్ల తరబడి కట్టుకుంటూ పోయినదైతే 'కంపొజిషన్'. మన భాషలో చెప్పాలంటే ఆశువుగా పాడిన మనోధర్మం ఒకటి, కూర్చుని కట్టిన కృతి ఇంకొకటి. కంపొజిషన్లు జీవితం మొత్తం మీద పదే. వాటిలో మొదటి మూడూ రెండో ప్రపంచయుద్ధంలో పోయాయి.

పసుపంటే ట్రంపెట్, ముదురు నీలమంటే చెల్లో అని ఆయన జాబితా రాశాడని?

'కళలో ఆధ్యాత్మికత గురించి' అనే చిన్న పుస్తకంలో కాండిన్‌స్కీ ఏ రంగు ఏ వాద్యంలా మోగుతుందో రాశాడు. లేత నీలం ఫ్లూటు, ముదిరితే చెల్లో, ఇంకా ముదిరితే డబుల్ బేస్, అట్టడుగున ఆర్గన్. ప్రశాంతమైన ఆకుపచ్చ రంగు వయొలిన్ మధ్య స్వరాలు. తెలుపు మాత్రం వాద్యం కాదు, స్వరాల నడుమ వచ్చే విరామం.

ఇలాంటి జాబితాలు ఆయనతో మొదలవలేదు. 13వ శతాబ్దంలో దేవగిరిలో శార్ఙ్గదేవుడు రాసిన 'సంగీతరత్నాకరం'లో సప్తస్వరాలకూ రంగులున్నాయి. షడ్జం తామరపువ్వు రంగు, రిషభం ఎరుపు కలిసిన పసుపు, గాంధారం బంగారం, మధ్యమం మొల్లపువ్వు తెలుపు, పంచమం నలుపు, ధైవతం పసుపు, నిషాదం రంగుల కలగలుపు. అటు ఇంగ్లండులో న్యూటన్ గాజు పట్టకంలోంచి వచ్చిన వెలుగులో మొదట ఐదు ముఖ్యమైన రంగులే లెక్కపెట్టాడు. తర్వాత నారింజనూ, ఇండిగోనూ చేర్చి ఏడు చేశాడు. సంగీతంలో స్వరాలు ఏడు కాబట్టి! మన పిల్లలు బళ్లో వల్లెవేసే ఇంద్రధనుస్సు రంగుల లెక్క వెనక కంటి కన్నా చెవి పాత్రే ఎక్కువ.

ఈ జాబితాలను పక్కపక్కన పెడితే ఒకదానికొకటి కలవవు. కలవకపోవడమే మనకు పనికొచ్చే సమాచారం. స్వరానికీ రంగుకీ మధ్య అందరికీ చెల్లే నిఘంటువు లేదు. ధ్వని వినగానే నిజంగా రంగు కనబడే మనుషులు లేకపోలేదు. దాన్ని సినస్తీషియా అంటారు. అందులోనూ ఒకరికి ఎర్రగా కనబడింది ఇంకొకరికి పచ్చగా కనబడుతుంది. కాండిన్‌స్కీకి అది నిజంగా ఉందా, లేక అలా ఊహించడం ఆయనకు ఇష్టమా అన్న చర్చ ఇప్పటికీ తెగలేదు.

మామూలు మనుషుల సంగతేమిటంటే, 2013లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన స్టీఫెన్ పామర్ బృందం ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించింది. అమెరికాలో, మెక్సికోలో కలిపి దాదాపు వంద మందికి బాఖ్, మోజార్ట్, బ్రామ్స్ సంగీతం వినిపించి, 37 రంగుల్లోంచి తగినవి ఏరమన్నారు. ఉల్లాసంగా, వేగంగా సాగేవాటికి రెండు దేశాల వాళ్లూ వెలుగు నిండిన పసుపు ఛాయలు ఎంచారు. నెమ్మదిగా, దిగులుగా సాగేవాటికి ముదురు నీలాల వైపు మొగ్గారు. పాటలో ఏ భావం ఉందని తోచిందో, అదే భావం ఉన్న రంగును ఎంచారని పరిశోధకులు తేల్చారు. పాట తిన్నగా రంగులోకి దూకదు, మధ్యలో మనసు మీదుగా వెళ్తుంది. రసాలకు రంగులు చెప్పిన భరతుడికి ఇందులో వింతేమీ కనబడదేమో: నాట్యశాస్త్రంలో శృంగారం శ్యామం, హాస్యం తెలుపు, రౌద్రం ఎరుపు, అద్భుతం పసుపు.

పియానో పాఠాల్లో వాన్ గో రంగుల పేర్లు చెప్పి మాస్టారిని హడలగొట్టాడని?

హాలెండులోని న్యూనెన్ పల్లెలో ఉన్న రోజుల్లో వాన్ గోకు పియానో నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. ఐండ్‌హోవెన్‌లో ఆర్గన్ వాయించే పెద్దాయన దగ్గర చేరాడు. ఒక్కో మీట నొక్కడం, ఇది ప్రష్యన్ బ్లూ, ఇది ముదురాకుపచ్చ, ఇది కాడ్మియం అంటూ పోల్చడం. శిష్యుడికి మతి చలించిందని భయపడి మాస్టారు పాఠాలు మానేశాడట. అప్పట్లో వాన్ గో దగ్గర బొమ్మలు నేర్చుకున్న కెర్సెమాకర్స్ తర్వాత ఈ సంగతి రాశాడు. ఏమాటకామాటే, ఆ మాస్టారిని తప్పుపట్టలేం.

రోజూ వయొలిన్ వాయించే పాల్ క్లే సంగీతాన్ని వదులుకుని కుంచె ఎందుకు పట్టాడో?

పాల్ క్లే 1879లో స్విట్జర్లాండులోని బెర్న్ దగ్గర పుట్టాడు. తండ్రి సంగీతం మాస్టారు, తల్లి పాటలో శిక్షణ పొందిన మనిషి. ఏడో ఏట వయొలిన్ పట్టుకుని, బెర్న్ ఆర్కెస్ట్రాలో వాయించేంత వాడయ్యాడు. పెళ్లాడింది పియానో కళాకారిణి లిలీని. మ్యూనిక్‌లో చాలా ఏళ్లు ఆవిడ ఇంటింటికీ తిరిగి పియానో పాఠాలు చెప్పి సంసారం నడిపితే, క్లే ఇంట్లో వంట చేసి, కొడుకు ఫెలిక్స్‌ను ఆడించి, మిగిలిన వేళల్లో బొమ్మలు వేశాడు. వందేళ్ల కిందటి మగవాడి విషయంలో ఇది చిన్న సంగతి కాదు.

అంత వచ్చినవాడు సంగీతంలోనే ఎందుకు ఉండిపోలేదు? డైరీల్లో ఆయన ఆలోచన కనబడుతుంది. బాఖ్, మోజార్ట్‌లతో సంగీతం శిఖరం చేరేసింది, ఇక మిగిలింది దిగడమే. చిత్రకళ మాత్రం ఆ ఎత్తు ఇంకా చూడలేదు. అంచేత కొత్తగా చేయడానికి అక్కడ చోటుంది. కొత్త బొమ్మలు వేసిన మనిషి చెవికి మాత్రం పాత సంగీతమే ఇష్టం.

బొమ్మకు ముందు వయొలిన్ తీసి వాయించుకోవడం ఆయన అలవాటు. అయితే క్లే బొమ్మల్లో సంగీతం వెతకాల్సింది భావావేశంలో కాదు, కట్టుబడిలో. 1921 నుంచి బౌహౌస్ బడిలో పాఠాలు చెబుతూ, ఒకసారి బాఖ్ సొనాటాలోని చిన్న ముక్కను తీసుకుని గీతల్లోకి దించాడు. అడ్డగీతల మెట్లు స్వరస్థాయిలు. గీత పొడవు కాలం. గీత లావు పెరిగితే స్వరం బరువు పెరిగినట్టు. మూడు వాద్యధారలు ఒకదాని పక్కన ఒకటి ఎలా నడుస్తున్నాయో కంటితో చదువుకోవచ్చు.

1921 నాటి 'ఎరుపులో ఫ్యూగ్' అనే నీటిరంగుల బొమ్మలో ఈ చదువు ఫలించింది. ఫ్యూగ్‌లో ఒకే పల్లవిని ఒక గొంతు ఎత్తుకోగానే కాస్త వెనకగా ఇంకో గొంతు అందుకుంటుంది, ఆ వెనక మరొకటి. క్లే నల్లటి నేల మీద ఒక కూజా ఆకారం గీశాడు. దాని మీదికి కొంచెం జరిపి అదే ఆకారం, కాస్త లేత రంగులో. మళ్లీ జరిపి ఇంకా లేతగా. గుండ్రాలు, త్రికోణాలు కూడా అలాగే తోక వదులుకుంటూ కదులుతాయి. చూపు ఎడమ నుంచి కుడికి వెళ్తుంటే చీకట్లోంచి ధ్వని పైకి వచ్చినట్టుంటుంది. సంగీతానికి సొంతమైన కాలాన్ని కదలని కాగితం మీదికి తేవడం ఎలా అన్నదే ఆయన పట్టుదలంతా. 1932లో వేసిన 'అద్ పర్నాసుమ్' పేరు కూడా ఊరికే పెట్టింది కాదు. 1725లో ఫుక్స్ రాసిన కౌంటర్‌పాయింట్ పాఠ్యపుస్తకం పేరులోని మాట అది.

సొనాటా అని పేరు పెట్టి బొమ్మలు వేసిన స్వరకర్త ఉన్నాడని?

లిథువేనియాకు చెందిన చుర్ల్యోనిస్ వార్సాలో, లైప్‌జిగ్‌లో సంగీతం చదివి స్వరాలు కట్టాడు, తర్వాత కుంచె పట్టాడు. 35 ఏళ్లకే 1911లో పోయాడు. సొనాటాలో వచ్చే భాగాల పేర్లే పెట్టి వరస బొమ్మలు వేశాడు: అల్లెగ్రో, అందాంతె, ఫినాలె. 1908 నాటి 'సముద్ర సొనాటా' ఫినాలెలో పెద్ద అల పంజా విప్పినట్టు లేస్తుంది, కింద చిన్న పడవలు. ఆ అల నురుగు చుక్కల్ని జాగ్రత్తగా చూస్తే ఆయన పేరు పొడి అక్షరాలు కనబడతాయి. ఆ బొమ్మలిప్పుడు కౌనస్ నగరంలో ఆయన పేరిట ఉన్న మ్యూజియంలో ఉన్నాయి.

ఒక పియానో సరదారాయుడి సలహా చివరికి కోర్టు దాకా వెళ్లిందని?

లండన్‌లో చిత్రకారుడు విస్లర్ వేసిన రాత్రి దృశ్యాలకు 'నాక్టర్న్' అన్న పేరు సూచించింది ఆయన పోషకుడు, ఓడల వ్యాపారి లేలండ్. షోపాన్ నాక్టర్న్‌లంటే చెవి కోసుకునేవాడు. పేరు బాగానే అతికింది. అయితే బాణసంచా రవ్వలు రాలే రాత్రిని చూపిన నలుపు బంగారు నాక్టర్న్‌కు 200 గినీల ధర పెట్టేసరికి విమర్శకుడు రస్కిన్ మండిపడ్డాడు. విస్లర్ పరువునష్టం దావా వేశాడు. 1878లో గెలిచాడు కూడా. నష్టపరిహారం ఒక్క ఫార్దింగ్, అంటే పెన్నీలో నాలుగో వంతు! ఖర్చులు మీదపడి మరుసటి ఏడే దివాలా తీశాడు.

చార్ల్‌స్టన్ నాట్యం నిషేధిస్తే సొంత దేశానికి పోనన్న చిత్రకారుడెవరో?

నిలువు గీతలు, అడ్డగీతలు, మూడు ప్రాథమిక రంగులు. మోండ్రియాన్ బొమ్మలు చూస్తే ఆయన నవ్వడం కూడా స్కేలు పెట్టి నవ్వుతాడేమో అనిపిస్తుంది. కానీ ఆ మనిషికి డాన్సు పిచ్చి. పారిస్‌లో జాజ్ రికార్డులు పెట్టుకునేవాడు, 1929లో ఒక బొమ్మకు 'ఫాక్స్ ట్రాట్' అని పేరు కూడా పెట్టాడు. హాలెండులో చార్ల్‌స్టన్‌ను నిషేధిస్తే ఇక ఆ గడప తొక్కనని 1926లో ఒక పత్రికకు చెప్పాడు.

1940 అక్టోబరులో, బాంబుల లండన్ నుంచి తప్పించుకుని 68 ఏళ్ల వయసులో న్యూయార్క్ చేరాడు. మిత్రుడు హారీ హోల్ట్‌జ్‌మన్ బూగీ ఊగీ రికార్డులు వినిపించాడు. పియానో మీద ఎడమచెయ్యి ఒకే బేసు వరసను విడవకుండా తిప్పుతుంటే, కుడిచెయ్యి దాని మీద విరిచి విరిచి ఆడుకునే సంగీతం అది. మోండ్రియాన్ చప్పట్లు చరిచాడు. ఆయనకు నచ్చింది అందులోని రాగం కాదు. రాగాన్ని విరగ్గొట్టే లయ. తానూ బొమ్మలో అదే చేస్తున్నానని ఆయన నమ్మకం.

ఫలితం 1942, 43ల్లో వేసిన 'బ్రాడ్వే బూగీ ఊగీ'. ఇరవై ఏళ్లుగా ఆయన బొమ్మలకు వెన్నెముకగా ఉన్న నల్ల గీత ఇందులో మాయమైంది. దాని స్థానంలో పసుపు దారులు. ఆ దారుల్లో అంగుళం అంగుళానికీ ఎరుపు, నీలం, బూడిద రంగు చిన్న గడులు. చూపు ఒకచోట నిలబడదు, గడి గడికీ తాళం తగులుతుంది. ఎడమచేతి బేసు పసుపు దారి అయితే, కుడిచేతి చిలిపితనం ఆ గడులు. ఈ పోలిక నాది, ఒప్పుకోవాలని పట్టు లేదు. తర్వాత మొదలుపెట్టిన 'విక్టరీ బూగీ ఊగీ' మీద రంగు టేపు ముక్కలు అతికిస్తూ, పీకుతూ, జరుపుతూ ఉండగానే 1944 ఫిబ్రవరి 1న పోయాడు. ఆ టేపు ముక్కలు ఇప్పటికీ బొమ్మ మీదే ఉన్నాయి, హేగ్ మ్యూజియంలో.

'జాజ్' పుస్తకంలో జాజ్ లేదని, జాజ్ పిచ్చి ఉన్న పొలాక్ కొట్టంలో పాట లేదని?

మతీస్ రంగు కాగితాలు కత్తిరించి చేసిన 'జాజ్' (1947) పుస్తకంలో ఇరవై బొమ్మలున్నాయి. ఎక్కువ భాగం సర్కసువే. మొదట అనుకున్న పేరు కూడా 'సర్కస్'. 'జాజ్' అని మార్చింది ప్రచురణకర్త తేరియాద్. అయినా కత్తెర కదిలిన తీరులో జాజ్ లక్షణం ఉందనే నాకనిపిస్తుంది.

జాక్సన్ పొలాక్ అనగానే సినిమావాళ్లు వెనకాల ట్రంపెట్ మోగిస్తారు. ఆయనకు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, డ్యూక్ ఎలింగ్టన్ రికార్డులంటే ప్రాణమే. రోజుల తరబడి రాత్రీ పగలూ మోగిస్తూ ఇల్లెగిరిపోయేలా చేసేవాడని భార్య లీ క్రాస్నర్ చెప్పింది. కానీ ఆ రికార్డులు మోగింది ఇంట్లో. కేన్వాసు నేల మీద పరిచి రంగు ధారలు విసిరింది పెరటి కొట్టంలో, పాట లేకుండా. విన్నది ఒంట్లోకి ఇంకాక మళ్లీ చెవిలో మోగించాల్సిన పనిలేదన్నమాట. 1961లో ఆర్నెట్ కోల్మన్ తన 'ఫ్రీ జాజ్' రికార్డు అట్ట మీద పొలాక్ బొమ్మ అచ్చువేయించుకున్నాడు. అప్పు అలా తీరింది.

సరిగ్గా దీనికి ఎదురు జర్మనీ చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్. 2006లో ఆరు పెద్ద బొమ్మలు వేస్తూ విన్నది జాన్ కేజ్ సంగీతం; బొమ్మలకూ 'కేజ్' అనే పేరు. ఆ కేజ్ ఎవరంటే 1952లో నాలుగు నిమిషాల ముప్పై మూడు సెకన్లు ఏ స్వరమూ వాయించకుండా కచేరీ పెట్టించినవాడు. అలా చేయడానికి ధైర్యం తనకు రాషెన్‌బర్గ్ వేసిన ఖాళీ తెల్ల కేన్వాసులు చూశాకే వచ్చిందన్నాడు.

పాట రాకుండా బొమ్మ రాదని మార్కండేయుడు ఒక రాజుకు చెప్పాడని?

విష్ణుధర్మోత్తర పురాణంలో వజ్రుడనే రాజు ప్రతిమలు చేయడం నేర్పమంటాడు. దానికి చిత్రం తెలియాలంటాడు మార్కండేయుడు. సరే చిత్రం నేర్పండంటే, నృత్యం తెలియనిదే చిత్రం పట్టుబడదంటాడు. నృత్యమంటే వాద్యం, వాద్యమంటే గానం. అడిగింది శిల్పం, మొదలుపెట్టాల్సింది పాట దగ్గర! ఆ రాజు ఓపికకు దండం పెట్టాలి.

రాగాలకే రూపం కట్టిన రాగమాల చిత్రాలు ఈ సంప్రదాయంలోంచే వికసించాయి. ఎక్కువగా కనిపించే లెక్కలో ఆరు రాగాలు, ఒక్కోదానికి ఐదుగురు రాగిణులు, వెరసి 36 బొమ్మలు. మేవాడ్‌లోని చావండ్‌లో 1605లో వేసిన వరస పేరుపొందింది. దక్కనులో 16వ శతాబ్దం చివరి నుంచే ఉన్నాయి. 18వ శతాబ్దంలో మన హైదరాబాదులోనూ రాగమాలలు వేశారు. తోడి రాగిణి బొమ్మలో అడవిలో వీణ పట్టుకున్న స్త్రీ చుట్టూ జింకలు చేరతాయి. ఆసావరి బొమ్మలో నెమలీకల వస్త్రం కట్టిన ఆడమనిషి పాములతో కూర్చుంటుంది. మన తోడిని మనసులో పెట్టుకుని ఆ బొమ్మ చూస్తే పప్పులో కాలేసినట్టే. హిందుస్తానీ తోడి మనకు శుభపంతువరాళి దగ్గర పడుతుంది.

ఈ చిత్రకారులు రాగం వింటూ బొమ్మ వేశారని చాలామంది అంటారు. నాకు అంత నమ్మకం లేదు. రాగరూపాన్ని వర్ణించే ధ్యానశ్లోకాలున్నాయి. బొమ్మ మీద శ్లోకం రాసిన ప్రతులూ ఉన్నాయి. వాళ్ల ముందున్నది గొంతు కన్నా పద్యమే అయి ఉండాలి.

పాట నిజంగా బొమ్మను నడిపిన చోటు చూడాలంటే సిద్దిపేట జిల్లా చేర్యాలకు పోవాలి. అక్కడి నకాషీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి పట్టించి ఎర్రటి నేల మీద కులపురాణాలు గీసేది గోడకు తగిలించుకోవడానికి కాదు. పటం చుట్ట విప్పుతూ కథ పాడే కళాకారుల కోసం. పద్మశాలీల మార్కండేయ పురాణం పాడే కూనపులివాళ్లకు ఒక పటం, ముదిరాజులకు కథ పాడే కాకిపడగలవాళ్లకు ఇంకో పటం. కథ పాడే వరసే బొమ్మల వరస. గాయకుడు ఎక్కడ ఆగితే అక్కడ ఒక గడి పూర్తవ్వాలి. గాయకుల బతుకుతెరువు తగ్గాక చేర్యాల బొమ్మలు చిన్న ఫ్రేముల్లోకి, కొయ్య ముఖాల్లోకి వచ్చాయి. అవీ అందంగానే ఉంటాయి, కాకపోతే మూగవి.

వినికిడి తగ్గాక హాక్నీకి కన్ను చురుకైందని?

1981లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాకు రంగస్థలం డిజైన్ చేస్తూ డేవిడ్ హాక్నీ రవేల్ సంగీతం పెట్టుకుని తోటలోని చెట్టు వేయబోతే, ఆ సంగీతమే చెట్టు ఆకారాన్నీ రంగునూ చేతికందించిందట. స్వరాలు వింటే రంగులు తోచే తత్వం తనకుందని ఆయనే చెప్పుకున్నాడు. లాస్ ఏంజెలస్ దగ్గరి కొండదారుల్లో కారులో వాగ్నర్ సంగీతం పెట్టి, మలుపు మలుపుకూ స్వరం సరిపోయేలా, సంగీతం తారస్థాయికి చేరే వేళకు సూర్యాస్తమయం ఎదురయ్యేలా లెక్కవేసి మిత్రుల్ని తిప్పేవాడు. తర్వాత చెవుడు ముదిరింది. శబ్దంతో దిక్కు పోల్చుకోలేనివాడికి కంటితో దూరాలు కొలవడం మెరుగవుతుందని, తన బొమ్మల్లో స్థలం స్పష్టపడింది అందుకేనేమోనని ఆయన అనుకునేవాడు.

బొమ్మలోంచి పాట, ఆ పాటలోంచి మళ్లీ బొమ్మ పుట్టాయని?

రష్యాలో హార్ట్‌మన్ అనే చిత్రకారుడు 1873లో 39 ఏళ్లకే పోయాడు. మరుసటి ఏడాది సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పెట్టిన అతని బొమ్మల ప్రదర్శన చూసొచ్చి మిత్రుడు ముసోర్గ్‌స్కీ 'ప్రదర్శనలో చిత్రాలు' అనే పియానో రచన కట్టాడు. ఒక బొమ్మ దగ్గర్నుంచి ఇంకో బొమ్మకు నడిచే నడకను కూడా స్వరపరిచాడు. ఆ బొమ్మల్లో చాలా భాగం తర్వాత కనబడకుండా పోయాయి, పాట ఉండిపోయింది.

1928లో జర్మనీలోని డెసౌ నాటకశాలలో అదే సంగీతాన్ని కాండిన్‌స్కీ రంగస్థలం మీదికి ఎక్కించాడు. పదహారు దృశ్యాలు. రెండింట్లో తప్ప మనుషులే లేరు. స్వరాలకు తగ్గట్టు రంగు పలకలు, గుండ్రాలు, గీతలు, దీపాల వెలుగులు వచ్చిపోయాయి. హార్ట్‌మన్ బొమ్మల జోలికి ఆయన పోనేలేదు. వినపడిన దాన్నే వేశాడు. ఏ స్వరం దగ్గర ఏ పలక కదలాలో సంగీతం ప్రతి మీద గుర్తులు రాసుకుని ఆ ప్రదర్శన నడిపించడంలో సాయపడిన కుర్రాడు ఫెలిక్స్. వంటింట్లో పాల్ క్లే ఆడించిన పిల్లవాడే.